వరద తోలు

కాలమస్ వాగు పొంగి రాతి వంతెన కొట్టుకుపోయిన మరుసటి ఏడు, ఏప్రిల్ నెల. కొత్త వంతెన ఇంకా లేవలేదు. వాగుకి ఇవతల ఉన్న, మోటారు బళ్లు వాడని ఆమిష్ క్రైస్తవుల ఇళ్లవాళ్లు అవతలికి పోవాలంటే బండి కట్టుకుని కొండ ఎక్కి దిగాల్సిందే.

గురువారం పొద్దున టోబయస్ లాంట్జ్ కొట్లో కూర్చుని గుర్రపు పట్టీ కుడుతున్నాడు. మోకాళ్ల మధ్య కొయ్య పట్టుకారు, దాని నోట్లో తోలు. ఆరెతో కన్నం పొడుస్తాడు. అటో సూది, ఇటో సూది ఒకే కన్నంలోంచి దూరుస్తాడు. మైనం పట్టించిన దారం రెండు చేతులా లాగుతాడు. లాగినప్పుడల్లా కీచుమని చిన్న చప్పుడు. అరవై రెండేళ్లు వచ్చినా కుట్టు గీత తప్పదు.

బయట బండి ఆగింది. సంఘ పరిచారకుడు యోస్ట్ తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏమయ్యా, బతికే ఉన్నావా? వాకిట్లోంచి గొంతు చించుకుని పిలిచాను."

"సూది పట్టుకుంటే వినపడదు."

"సూది కింద పెట్టినా వినపడదులే నీకు." యోస్ట్ తెగిన తలకట్టు పట్టీ ఒకటి బల్ల మీద పడేశాడు. "మా గుర్రం విదిలించి తెంపింది. తొందరేం లేదు."

టోబయస్ కిటికీలోంచి చూశాడు. యోస్ట్ గుర్రం రాటకి కట్టి ఉంది. వెనక కాళ్లపైన, తొడల చుట్టూ వెళ్లే పట్టీ నల్లగా మెరుస్తోంది. పల్లంలో బండి దిగేటప్పుడు బరువంతా ఆగేది దాని మీదే. పైకి అందరి గుర్రాల మీద ఉన్న పట్టీలాగే ఉంది.

"బండి విప్పెయ్," అన్నాడు. "ఆ పట్టీల సరంజామా అంతా ఇక్కడ పెట్టి పో. నూనె పట్టించి, వెనక పట్టీ కొత్తది వేసిస్తా. ఊరికే."

యోస్ట్ నవ్వాడు. "వచ్చేసింది! ఈ మాట అనకుండా నువ్వు మనిషిని పంపవు కదా. విధవరాలు మలిండాకి ఊరికే. జోనస్‌కి ఊరికే. వాళ్ల తమ్ముడికి ఊరికే. ఇంటికొచ్చి మరీ విప్పుకుపోయావట."

"పాతబడింది."

"పోయిన వేసవిలోనేగా వేశావు! పది నెలలకే పాతబడుతుందా తోలు?"

టోబయస్ చెయ్యి ఆగింది. సూది సగం లోపల, సగం బయట. ఇప్పుడు చెప్పొచ్చు. కొట్లో ఇద్దరే ఉన్నారు. యోస్ట్ చెడ్డవాడు కాదు.

యోస్ట్ మొహం మార్చి దగ్గరికి వచ్చాడు. "చూడు టోబయస్. ఆదివారం తలుపు పక్కన నిలబడి పేర్లు చెవిన వేసుకునేది నేను. అలాంటివాడు నీ దగ్గర ఊరికే ఏదైనా పుచ్చుకుంటే బాగుంటుందా? ఆదివారం దాటాక తెస్తా."

"నాకూ ఆ పేర్లకీ ఏం సంబంధం?"

"అది నువ్వు అడక్కూడదు. నేను చెప్పకూడదు." చెప్పకుండానే కళ్లతో అంతా చెప్పేశాడు.

చలికాలంలో ముసలి బోధకుడు పోయాడు. ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల ఆరాధన, ఒకరి పాదాలు ఒకరు కడగడం అయ్యాక ఆయన చోట ఒకణ్ణి నిలబెట్టాలి. వాళ్లలో బోధకుడవుతానని ఎవరూ అడగరు. అడిగినవాడు పనికిరాడు. ఒక్కొక్కరే వచ్చి తమకు తోచిన పేరు చెవిలో చెప్పిపోతారు. మూడుసార్లు వినపడిన పేరల్లా బల్ల దగ్గరికి వస్తుంది. ఎందరుంటే అన్ని పాటల పుస్తకాలు పెడతారు. ఒకదాంట్లో చీటీ ఉంటుంది. అది ఎవరి చేతికొస్తే, వాడు చచ్చేదాకా బోధకుడే. కాదనడానికి లేదు.

బయట ఇంకో బండి మెల్లగా పోతోంది. పగ్గాలు సేడీ చేతిలో ఉన్నాయి. పక్కన ఆమె మొగుడు మాలన్, కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని, తల దించుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లవాడు.

"అదిగో మన రౌతు," అన్నాడు యోస్ట్. "పెళ్లాం తోలుతుంటే బియ్యం మూటలా కూర్చుంటున్నాడు. ఒకప్పుడు వీడి బండి దుమ్ము తప్ప బండి కనపడేది కాదు. గర్వం. అక్టోబర్లో కొండ దిగుతుంటే గుర్రం చచ్చింది, కాలు విరిగింది. అయితేనేం, క్రిస్మస్ ముందు కర్ర మీద వచ్చి, వంగని కాలు చాపుకుని ఒంటి మోకాలి మీద మోకరించాడు. గర్వంతో వేగంగా తోలానని తప్పు ఒప్పుకున్నాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి."

టోబయస్ సూది లాగాడు. దారం తెగింది.

"నీకూ దారం తెగుతుందన్నమాట," అని నవ్వుతూ యోస్ట్ వెళ్లిపోయాడు.

బండి మలుపు తిరిగేదాకా టోబయస్ ఆ పట్టీనే చూశాడు. పన్నెండు పట్టీల్లో అదొక్కటే మార్చకుండా మిగిలింది. మైనం డబ్బా వెనక చెక్కపెట్టె ఉంది. అందులో రెండు తోలు ముక్కలు. కొండ కింద చచ్చిన గుర్రం మీంచి తనే విప్పి తెచ్చుకున్నాడు. తెగింది కుట్టు దగ్గర కాదు, తోలు మధ్యలో. ఎండిన రొట్టె పెచ్చు విరిగినట్టు ఉంది. పెట్టె తియ్యలేదు. తియ్యక్కర్లేదు.

*

శుక్రవారం సాయంత్రం లీడియా పొయ్యి మీద ఇస్త్రీ పెట్టెలు వేడెక్కనిచ్చి, ఒకటి చల్లారితే ఒకటి మార్చుకుంటూ ఆదివారం చొక్కా రుద్దుతోంది. టోబయస్ బల్ల దగ్గర ఎండు ఆపిల్ పచ్చడి రొట్టె మీద రాసుకుని, తినకుండా చూస్తున్నాడు.

"తిను. రేపు ఉపవాసం ఏమో అన్నట్టు చూడకు," అంది.

కొరికాడు.

"మలిండా మళ్లీ పళ్ల రొట్టె కాల్చి పంపింది. నువ్వు చేసిన మేలుకి ఎన్ని పంపినా తీరదంటుంది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు." ఇస్త్రీ పెట్టె కాలర్ మీద ఆగింది. "అందరూ నీ పేరే అంటున్నారయ్యా. పైకి అనరు. నేను వంటింట్లోకి వెళ్తే మాట మార్చేస్తున్నారు. నాకు భయంగా ఉంది. బోధకుడి పెళ్లాం అంటే ఆ చాకిరీ నావల్ల కాదు. నువ్వా, నలుగురిలో నోరు విప్పవు. రెండు గంటలు నిలబడి ఏం చెబుతావు?"

"నా పేరు రాదు."

"ఎందుకు రాదు?"

"నేను మంచివాణ్ణి కాను, లీడియా."

ఆమె నవ్వింది. చాలా రోజుల తర్వాత మెత్తగా నవ్వింది. "ఇదిగో, ఇలా అంటావనే వస్తుంది."

టోబయస్ నోరు తెరిచాడు. రొట్టె ఇంకో ముక్క కొరికాడు. పదిహేను రోజుల కింద సంఘంలో అందరూ సమాధానపడే సభలో ఒక్కొక్కర్నీ అడిగారు, ఎవరితోనైనా తేడా ఉందా, మనసులో ఏమైనా ఉందా అని. తన వంతు వచ్చినప్పుడు "ఏమీ లేదు" అన్నాడు. ఆ రెండు మాటలూ ఇప్పటికీ నోట్లోనే ఉన్నట్టుంది.

ఇంకోటి కూడా ఉంది. అది లీడియాకే కాదు, ప్రార్థనలో కూడా చెప్పుకోలేదు. మలిండా చేతులు పట్టుకుని దీవించినప్పుడు, జోనస్ తలుపు దాకా వచ్చి సాగనంపినప్పుడు, అతనికి బాగుంది. పట్టీ మార్చడానికి వెళ్లిన ఇంట్లోంచి మంచివాడై బయటికొచ్చేవాడు. మూడో ఇంటికొచ్చేసరికి, తను నిజంగానే మేలు చేస్తున్నానని దారి పొడుగునా అనిపించింది.

శనివారం మధ్యాహ్నం కొత్త పట్టీ ఒకటి కోటు లోపల చుట్టి పెట్టుకుని పొలాల మీదుగా నడిచి యోస్ట్ కొట్టానికి వెళ్లాడు. ఆ వేళప్పుడు యోస్ట్ మొక్కజొన్న నేల దున్నుతుంటాడు. కొట్టంలో ఎవరూ లేరు. బండి గుర్రం గాడి దగ్గర గడ్డి నములుతోంది. సరంజామా మేకుకి వేలాడుతోంది. టోబయస్ చప్పుడు కాకుండా దించాడు. వెనక పట్టీ రింగు దగ్గర బొటనవేలు పెట్టి వంచాడు. నల్లరంగు కింద సన్నటి తెల్లగీతలు, ఎండిన మడిలో బీటల్లాగా. రేపు పొద్దున దీంతోనే కొండ దిగుతాడు. వెనక సీట్లో నలుగురు పిల్లలు.

మొదటి బకిల్ విప్పాడు. రెండోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. గోరు విరిగింది. పళ్లతో లాగుతుంటే వెనక నుంచి వెలుగు మారింది.

"ఎవరది?"

తలుపులో యోస్ట్ నిలబడి ఉన్నాడు. నాగలి మొన విరిగితే మార్చుకోడానికి వచ్చాడు. టోబయస్ చేతిలో పాత పట్టీ ఒక కొస, కోటులోంచి జారిన కొత్త పట్టీ గడ్డి మీద.

గుర్రం నములుతూనే ఉంది.

యోస్ట్ వంగి కొత్త పట్టీ తీశాడు. రెండు వైపులా తిప్పి కుట్టు చూశాడు. "ఓరి నీ దుంపతెగ. దొంగతనంగా మేలు చేస్తున్నావా?"

"యోస్ట్, విను. ఆ తోలు..."

"వినను. నేను వద్దన్నానని, ఎవరికీ తెలియకుండా మార్చిపోదామని వచ్చావు. ఈ లోకంలో ఇంకా ఇలాంటి మనిషున్నాడా!" కళ్లు తుడుచుకున్నాడు. విప్పిన బకిల్ తనే మళ్లీ పెట్టేశాడు. సరంజామా మేకుకి తగిలించి, కొత్తది చుట్ట చుట్టి టోబయస్ చంకలో పెట్టాడు. "సోమవారం. సోమవారం తీసుకుంటా. ఇప్పుడు తీసుకుంటే నేను మాట తప్పినవాణ్ణవుతాను. పో. ఈ సంగతి నేనెవరికీ చెప్పన్లే. నీకది నచ్చదని నాకు తెలుసు."

"తోలు మంచిది కాదు యోస్ట్."

"నీ చేతి పని బాగాలేదని నువ్వు తప్ప ఎవరూ అనరు. పో పో, నాకు మొన బిగించుకోవాలి."

టోబయస్ పొలాల మీదుగా తిరిగి నడిచాడు. సగం దూరం పోయాక నిలబడ్డాడు. వెనక్కి పోయి, ఆ పట్టీ కత్తితో రెండు ముక్కలు చేసి వస్తే? యోస్ట్ అదీ ఇంకేదో పుణ్యం అనుకుంటాడు. నవ్వు రాలేదు. సాయంత్రానికల్లా యోస్ట్ పెళ్లాం వచ్చి లీడియాకి గుడ్లిచ్చి, ఊరికే చేతులు పట్టుకుని పోయింది.

*

ఆదివారం బల్ల ఆరాధన కొండ అవతల బిషప్ గిడియన్ ఇంట్లో. పొద్దున ఏడింటికే బళ్లు ఒకదాని వెనక ఒకటి కొండ ఎక్కుతున్నాయి. టోబయస్ కావాలనే యోస్ట్ బండి వెనక పట్టాడు. కొండ కొనకి వచ్చాక దిగుడు మొదలైంది. యోస్ట్ గుర్రం వెనక కాళ్లు ముడుచుకుని, బరువు ఆపుకుంటూ దిగుతోంది. పట్టీ తొడల్లోకి దిగబడి బిగుసుకుంది. వెనక సీట్లో పిల్లలు కాళ్లు ఊపుతున్నారు. అందరికన్నా చిన్నది వెనక్కి తిరిగి టోబయస్‌కి చెయ్యి ఊపింది.

"చెయ్యి ఊపవేం?" అంది లీడియా.

అతను పగ్గాలు వదల్లేదు. పెదవులు కదులుతున్నాయి. ఆమె ప్రార్థన అనుకుంది. ప్రార్థనే. మలుపు, ఇంకో మలుపు, రాళ్ల చోటు, ఆ రాళ్ల చోటు దాటాక మాలన్ గుర్రం పడ్డ చోటు. చక్రాలు చదునులోకి వచ్చేసరికి టోబయస్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. సాయంత్రం మళ్లీ ఇంటికి పోవాలి. ఇవతలికి ఎక్కితే అవతలికి దిగాలి.

గిడియన్ ఇంట్లో గదుల మధ్య చెక్కలు తీసేసి బెంచీలు వేశారు. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు. పొద్దుటి నుంచి పాటలు, ప్రసంగాలు. మధ్యాహ్నం కొద్దికొద్దిమంది లేచి వంటింట్లో రొట్టె, ఊరేసిన బీట్‌రూట్ తిని వచ్చారు. టోబయస్ లేవలేదు. మూడు దాటాక రొట్టె విరిచారు, గిన్నె చేతులు మారింది. అతను గిన్నె పట్టుకున్నప్పుడు ద్రాక్షరసం కొంచెం ఒలికి వేలి మీద పడింది. తుడుచుకోలేదు.

తర్వాత వెచ్చటి నీళ్ల రేకుతొట్లు తెచ్చారు. పక్కన కూర్చున్నవాళ్లే జంట. ఏరి కోరి ఎవరి కాళ్లూ కడగకూడదు. మాలన్‌కి కాలు చాపుకోడానికి వీలుగా పెద్దల వరస చివర కుర్చీ వేశారు. పెద్దల వరస చివర టోబయస్ ఉన్నాడు. తొట్టి వచ్చి ఇద్దరి మధ్య ఆగింది.

మేజోళ్లు విప్పడం మాలన్‌కి ఆలస్యమైంది. విరిగిన కాలు చీలమండ దగ్గర పక్కకి తిరిగి అతుక్కుంది. బుడిపె మీద చర్మం పల్చగా, ఎర్రగా మెరుస్తోంది. టోబయస్ నడుము వంచి ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తేలిగ్గా ఉంది. పనిచెయ్యని కాలు కండ కరిగి తేలికవుతుంది.

"అక్కడ మెల్లగా, బాబాయ్," అన్నాడు మాలన్ గొంతు తగ్గించి.

"నొప్పా?"

"వాన పట్టినప్పుడే. ఇవాళ లేదు."

దోసిలితో నీళ్లు పోశాడు. తుండుతో వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచాడు. తోలుకి నూనె పెట్టినంత జాగ్రత్తగా తుడిచాడు. తర్వాత మాలన్ వంతు. అతను వంగలేడు. కర్ర పట్టుకుని, చెడిన కాలు పక్కకి చాపి, ఒంటి మోకాలి మీదకి దిగాడు. డిసెంబరులో దిగినట్టే. టోబయస్ రెండో బెంచీలోంచి చూసిన మోకాలు అదే. మాలన్ చేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. తొందరపడకుండా కడిగాడు.

ఇద్దరూ లేచి నిలబడి చేతులు కలిపి ముద్దు పెట్టుకోవాలి. అది ఆచారం.

"ప్రభువు మనతో ఉండుగాక," అన్నాడు మాలన్.

"ఆమేన్, శాంతితో" అనాలి. టోబయస్ పెదవులు కదిపాడు. చప్పుడు రాలేదు. గదిలో అందరూ అదే మాట అంటున్నారు కాబట్టి ఎవరూ గమనించలేదు. మాలన్ మాత్రం ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు.

పేర్లు వినడానికి యోస్ట్ తలుపు వెనక నిలబడ్డాడు. మగవాళ్లు, తర్వాత ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి సందులో నోరు పెట్టి చెప్పి వచ్చారు. కాసేపటికి బిషప్ గిడియన్ బయటికొచ్చి ఐదు పేర్లు చదివాడు. మొదటి పేరు టోబయస్ లాంట్జ్. ఆడవాళ్ల వైపు లీడియా ముసుగు కొస కళ్లకి అడ్డం పెట్టుకుంది.

ఐదుగురూ బల్ల ముందు కూర్చున్నారు. ఐదు నల్ల పుస్తకాలు నిలబెట్టారు. గిడియన్‌కి డెబ్బై ఐదేళ్లు. ఒక్కొక్కర్నీ పేరుపెట్టి అడుగుతున్నాడు.

"టోబయస్, సంఘం పిలిస్తే ఒప్పుకుంటావా?"

"నేను తగను."

"తగినవాడు ఎవడున్నాడు?" అన్నాడు గిడియన్ మెల్లగా.

"నా చేతుల్లో తప్పుంది."

"అందరి చేతుల్లోనూ ఉంది, నాయనా."

ఆడవాళ్ల వైపు ఎవరో ముక్కు ఎగబీల్చారు. ముందు బెంచీలో ముసలి జోనస్ గడ్డం పైకీ కిందికీ ఊపాడు. టోబయస్‌కి గుండెల మీద బరువు కొంచెం దిగింది. చెప్పాను కదా. అందరి ముందూ చెప్పాను. తప్పుందన్నాను. వాళ్లు వినకపోతే నాదా తప్పు? ఆ తేలిక తియ్యగా ఉంది. మలిండా ఇంటి గడప దిగినప్పుడు ఉన్నంత తియ్యగా ఉంది. అప్పుడతనికి భయం వేసింది. పొద్దున కొండ మీద కూడా అంత భయం వెయ్యలేదు. ఇక్కడి నుంచి చచ్చేదాకా ఇలాగే చెప్పుకోవచ్చు. ప్రతి ఆదివారం, మెత్తగా, తప్పుంది తప్పుంది అని. చెప్పినప్పుడల్లా ఇంకా ఎక్కువ ప్రేమిస్తారు.

"వయసులో పెద్దవాడు ముందు," అన్నాడు గిడియన్.

పెద్దవాడు టోబయసే. లేచాడు. మూడో పుస్తకం మీద చెయ్యి పడింది. అట్ట తోలుది. వేళ్లకి తెలిసింది, మంచి తోలు. చెయ్యి తీసేశాడు.

"వరదలో నా కొట్లోకి నీళ్లొచ్చాయి," అన్నాడు.

గిడియన్ తల ఎత్తాడు.

"రెండు తోళ్లు మూడు రోజులు బురదలో ఉన్నాయి. ఎండబెట్టి నూనె పట్టించాను. వంచి చూస్తే లోపల బీటలిచ్చింది. చూశాను. చూసి కూడా పన్నెండు వెనక పట్టీలు కోశాను. పారెయ్యడానికి మనసు రాలేదు. మాలన్ బండిది అందులోది. కొండ మీద తెగింది అదే. గుర్రం రేగలేదు. పట్టీ తెగితే బండి దాని కాళ్ల మీదకి పోయింది. ముక్కలు నేనే తెచ్చి దాచాను. మాలన్ ఇక్కడ మోకరించినప్పుడు నేను రెండో బెంచీలో ఉన్నాను." ఊపిరి తీసుకున్నాడు. "మీకు ఊరికే వేసిచ్చిన పట్టీలు ఊరికే వేసినవి కావు. మళ్లీ తెగుతాయని భయపడి మార్చాను. తెగితే నా సంగతి బయటపడుతుందని కూడా."

ఎక్కడో చంటిబిడ్డ కుయ్ మంది.

"ఇంకొకటి మిగిలింది. యోస్ట్, నీ గుర్రం మీద ఉంది."

యోస్ట్ పరిచారకుడై పద్దెనిమిదేళ్లు. ఆరాధన మధ్యలో బయటికి పోయినవాడు కాదు. లేచాడు. టోపీ కూడా పెట్టుకోకుండా తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. కొట్టం తలుపు చప్పుడు వినపడింది. చాలాసేపటికి పట్టీ చేత్తో పట్టుకుని వచ్చాడు. అందరి ముందూ దాన్ని రెండు కొసలూ పట్టుకుని వంచాడు. పటుక్కుమంది. విరిగిన చోట లోపలంతా బూడిద రంగు. తెచ్చి పుస్తకాల పక్కన పెట్టాడు.

"పొద్దున దీంతోనే దిగాను," అన్నాడు. "పిల్లలున్నారు." టోబయస్ మొహం చూడలేదు. వెళ్లి తన చోట కూర్చున్నాడు.

అప్పుడు కర్ర చప్పుడైంది. మాలన్ లేచాడు.

"డిసెంబరులో నేను ఇక్కడ చెప్పింది అబద్ధం."

సేడీ అటువైపు నుంచి "మాలన్" అంది. అతను వినిపించుకోలేదు.

"ఆ రోజు మెల్లగానే తోలాను. పగ్గాలు బిగించే పట్టుకున్నాను. అక్కడ రాళ్లున్నాయని నాకు తెలీదా? కానీ మీరంతా గర్వం అన్నారు. కాదంటే అదీ గర్వమే అయ్యేది. అందుకని ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఒప్పుకుని, నిజంగానే గుర్రాన్ని కొట్టానేమో అనిపించింది. రాత్రి కల్లో కొరడా చేతిలో ఉంటోంది. నాకసలు కొరడాయే లేదు. ఆర్నెల్లుగా పగ్గాలు ముట్టుకోలేదు. నా చేతుల్ని నేనే నమ్మలేదు." కర్ర మార్చి పట్టుకున్నాడు. "చెయ్యని తప్పు చేశానని మోకరించాను. ఇప్పుడు దానికీ మోకరించాలా, గిడియన్ తాతా?"

గిడియన్ బల్ల మీద విరిగిన తోలు చూస్తున్నాడు.

"ఎంత వేగంగా తోలావని అడిగాను నిన్ను," అన్నాడు చివరికి. "వేగంగా తోలావా అని అడగలేదు." కుర్చీ పట్టుకుని మెల్లగా లేచాడు. "నువ్వు కూర్చో. మోకరించాల్సినవాళ్లు వేరే ఉన్నారు. దాని సంగతి పదిహేను రోజుల్లో సంఘం చూస్తుంది." తర్వాత టోబయస్ వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, మెత్తదనమూ లేదు. "నువ్వు వెనక్కి వెళ్లి కూర్చో."

పుస్తకాలు లోపలికి తీసుకుపోయి, నాలుగు చేసి తెచ్చారు. చీటీ ఒక పాడిరైతుకి వచ్చింది. అతని పెళ్లాం గట్టిగా ఏడ్చింది. టోబయస్ తలుపు దగ్గర, పడుచువాళ్ల వెనక, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అతని పక్కన చోటు ఖాళీగానే ఉండిపోయింది.

బళ్లు కట్టుకునే వేళ మాలన్ కర్ర తాటించుకుంటూ వచ్చాడు.

"నేనేం చెయ్యను, మాలన్?" అన్నాడు టోబయస్. "నీ పొలం దున్నుతాను. గుర్రాన్ని..."

"ఏమీ చెయ్యొద్దు. నువ్వు నాకు మేలు చేస్తే మళ్లీ ఊరంతా నిన్ను మంచివాడంటుంది. నాకు మండుతుంది." దవడ బిగించాడు. "రేపు పొద్దున రా. చేతిలో ఏమీ తేకు."

యోస్ట్ పట్టీ లేదు కాబట్టి అతని బండి అక్కడే ఉండిపోయింది. అతని పిల్లల్ని జోనస్ ఎక్కించుకున్నాడు. టోబయస్ బండిలో చోటున్నా ఎవరూ అడగలేదు. కొండ కొనకి వచ్చాక లీడియా అంది:

"మన బండిది కూడా ఆ తోలేనా?"

"ఆఁ. మార్చేశాను."

"ఎప్పుడు?"

గుర్రం దిగుడులోకి తిరిగింది.

"ఎప్పుడు మార్చావయ్యా?"

"మాలన్ పడ్డ మర్నాడు. ముందు మనదే మార్చాను."

ఆమె కొంచెం పక్కకి జరిగి కూర్చుంది. ఇల్లు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

*

సోమవారం తెల్లవారి టోబయస్ కొట్టు తెరవలేదు. బల్ల మీద లీడియా రొట్టె కోసి పెట్టి ఉంచింది. తిని, ఖాళీ చేతులతో మాలన్ ఇంటికి నడిచాడు.

సేడీ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అతన్ని చూసింది. నోట్లో ఉన్న బట్టల క్లిప్పు తియ్యలేదు. మాలన్ కొట్టం ముందు గుర్రాన్ని నిలబెట్టి, సరంజామా తనే వేస్తున్నాడు. కర్ర గోడకి ఆనించి ఉంది.

టోబయస్ సాయం చెయ్యబోయి ఆగిపోయాడు.

మాలన్ ఒక్కో పట్టీ తీసి, అతని కళ్లెదుటే వంచి చూస్తున్నాడు. తలకట్టు వంచాడు. రొమ్ము పట్టీ వంచాడు. పగ్గాలు మొదటి నుంచి చివరిదాకా వేళ్ల మధ్య లాగాడు. వెనక పట్టీ రింగు దగ్గర వంచి, గోరుతో గీరి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అదీ టోబయస్ కుట్టిందే, డిసెంబరులో, ఊరికే. మాలన్ తొందరపడలేదు. టోబయస్ ఎండలో నిలబడి ఉన్నాడు. పట్టీలన్నీ చూడటం అయ్యేసరికి సేడీ ఒక తాడు నిండా బట్టలు ఆరేసింది.

"ఎక్కు," అన్నాడు మాలన్.

"ఎక్కడికి?"

"దాణా మిల్లుకి. ఎక్కు బాబాయ్."

టోబయస్ ఎక్కి ఎడమవైపు కూర్చున్నాడు. మాలన్ చెడిన కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని, పగ్గాలు అందుకున్నాడు. రెండుసార్లు చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు. తాడు దగ్గర సేడీ తడి దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బండి వాకిలి దాటి మెల్లగా బాట ఎక్కింది. గోధుమ పొలాల మధ్య చదునైన దారి. కొంతదూరం నడక. తర్వాత మాలన్ నాలుకతో చిన్న చప్పుడు చేశాడు. గుర్రం పరుగందుకుంది. ఇంకోసారి చేశాడు. చక్రాల కింద కంకర ఎగిరింది, పక్క కంచె గుంజలు ఒకదాన్నొకటి తరుముకుంటూ వెనక్కి పోతున్నాయి. వినయం గలవాడి బండి అంత వేగం పోదు. మాలన్ మొహాన గాలి కొడుతోంది, కళ్లు చికిలించి ముందుకే చూస్తున్నాడు.

టోబయస్ టోపీ ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకున్నాడు.